పూర్వపక్షముగ మిగిలిన దర్శనము

మన దేశమున శాస్త్రపాఠము చేసిన పండితులకు బౌద్ధదర్శనము తెలియదనుట సాహసము. తెలియును. ఎంతవరకు తెలియుననునదియే ప్రశ్న. బ్రహ్మసూత్రములలో ద్వితీయాధ్యాయ ద్వితీయపాదమును పాఠము చెప్పుకొనునపుడు భాష్యకారులు ఖండించినంత మేరకు తెలియును. కుమారిలభట్టు శ్లోకవార్తికమున నిరాలంబనవాదమును నిరసించినంత మేరకు తెలియును. ఉదయనాచార్యుడు ఆత్మతత్త్వవివేకమున క్షణభంగవాదమును తునుకలు చేసినంత మేరకు తెలియును. ఆ గ్రంథమునకు బౌద్ధధిక్కారమనియే మారుపేరు. మాధవాచార్యుని సర్వదర్శనసంగ్రహమున చార్వాకునకు ప్రక్కనే బౌద్ధునకు పీట వేసినారు. ముందుగ త్రోసివేయదగినవారిని ముందు కూర్చుండబెట్టుట యా గ్రంథపు మర్యాద.

కోర్టులలో వ్యవహారములు నడిపిన చదువరులకు ఈ స్థితిని విప్పిచెప్ప నక్కరలేదు. వాది దాఖలుచేసిన కాగితములు మాత్రము చదివి, ప్రతివాది జవాబును కన్నెత్తి చూడక, తీర్పు వ్రాసిన మునసబు నేమందురు? ఆ తీర్పు న్యాయమైనదే కావచ్చును. వాది సత్యవంతుడే కావచ్చును. అయినను అప్పీలులో అది నిలువదు. బౌద్ధదర్శనవిషయమున మన తీర్పు శతాబ్దములుగ ఇట్టిదియై యున్నది. విశ్వవిద్యాలయములలో బౌద్ధదర్శనమును పాఠ్యవిషయముగ నెలకొల్పుట యనగా ప్రతివాది జవాబును రికార్డులోనికి దెచ్చుట.

ఇందువలని లాభము బౌద్ధులకు మాత్రమే యని తలపరాదు. మన న్యాయశాస్త్రమునే చూడుడు. వాత్స్యాయనుని న్యాయభాష్యమును దిఙ్నాగు డాక్షేపించెను. ఉద్ద్యోతకరుడు వార్తికమును రచించి దిఙ్నాగునకు సమాధానము చెప్పెను. ధర్మకీర్తి దిఙ్నాగుని పక్షమున నిలిచి ఆ సమాధానమును చెదరగొట్టెను. వాచస్పతిమిశ్రుడు తాత్పర్యటీకతో ఉద్ద్యోతకరుని మరల నిలువబెట్టెను. జ్ఞానశ్రీమిత్రుడును రత్నకీర్తియు వాచస్పతిని ఎదిరించిరి. వారి మీద ఉదయనుడు కలము పట్టెను. ఇది అయిదారువందల సంవత్సరములు నడచిన సంభాషణ. ఇందొకరి మాటలను చెరిపివేసి రెండవవారి మాటలను మాత్రమే చదువు విద్యార్థి, తలుపు కీవల నిలుచుండి లోపలి వాదములో ఒక గొంతుక మాత్రమే వినుచున్నవానివంటివాడు. నైయాయికునకు ఎవరి మీద ఇంత ఆగ్రహము వచ్చినదో, ఏ మాటకు ఈ మాట జవాబో వానికి తెలియదు. బౌద్ధుని చదువనివాడు ఉదయనునిగూడ సగమే చదివినవాడు.

నాలందాలో పద్ధతి ఇట్లుండలేదు. క్రీస్తుశకము 7వ శతాబ్దమున చీనాదేశమునుండి వచ్చిన హ్యూన్‌త్సాంగు అచట వృద్ధుడైన శీలభద్రాచార్యుని పాదములకడ యోగాచారభూమిశాస్త్రము నభ్యసించెను. ప్రవేశింపగోరినవానిని ద్వారమువద్దనే ప్రశ్నించెడివారనియు, పదిమందిలో ఏడెనిమిదిమంది జవాబు చెప్పలేక మరలిపోయెడివారనియు ఆయన వ్రాసినాడు. లోపల మహాయానమును, పదునెనిమిది నికాయముల గ్రంథములును, వానితోపాటు వేదములు, హేతువిద్య, శబ్దవిద్య, చికిత్సావిద్య, సాంఖ్యము పాఠములుగ నుండెనని ఆయన జీవితచరిత్ర తెలుపుచున్నది. అనగా బౌద్ధవిహారమున బౌద్ధేతరుల శాస్త్రములు వారి గ్రంథములనుండియే చెప్పబడెడివి. కొన్నేండ్లకు వచ్చిన ఇత్సింగు అచటనే సుమారు పదేండ్లు చదివెను. విద్యార్థి మొదట వ్యాకరణమున గట్టిపడిన పిమ్మటనే హేతువిద్యకు పోవుట ఆ కాలపు క్రమమని ఆయన చెప్పినాడు.

శిస్తులేని చదువు ఆ కాలమునను లేదు. నాలందా పోషణకు 100 గ్రామముల ఆదాయ మేర్పడెనని హ్యూన్‌త్సాంగు చరిత్రము. ఇత్సింగు వచ్చునప్పటికి అవి 200 దాటినవి. తరువాత 9వ శతాబ్దమున సువర్ణద్వీపాధిపతియైన బాలపుత్రదేవుడు అచట విహారము కట్టించి కోరగా, పాలరాజు దేవపాలుడు 5 గ్రామములను దాన మిచ్చినట్లు తామ్రశాసనము దొరకినది. సముద్రమున కావలి రాజు విహారము కట్టించుట, ఈవలి రాజు పొలము లిచ్చుట, ఆ పంటతో చీనావాడు తర్కము చదువుట! అంతర్జాతీయ విద్యాసహకారమని నేడు మనము పెద్దపేరుతో పిలుచునది అప్పుడు ధాన్యపు కొలతలతో నడచినది.

ఈ విద్యకును ఆంధ్రదేశమునకును గల సంబంధము అమరావతి శిలలతో ముగియునది కాదు. హ్యూన్‌త్సాంగు దక్షిణయాత్రలో ధాన్యకటకమునకు వచ్చి, కొన్ని నెలలు నిలిచి, సుభూతి, సూర్యుడు అను నిద్దరు భిక్షువులవద్ద మహాసాంఘికుల అభిధర్మమును చదువుకొనెను. వారాయనవద్ద మహాయానశాస్త్రములను చదువుకొనిరి. గురుశిష్యసంబంధము రెండువైపుల నడచిన ఆ కొన్ని నెలలు మన విద్యాచరిత్రమున మరువదగినవి కావు. వేంగి నగరమునకు సమీపమున ఒక కొండమీద దిఙ్నాగుడు హేతువిద్యాగ్రంథమును రచించెనని ఆయన వినెను. ధాన్యకటకమునకు దక్షిణమున మైత్రేయుని రాకకై భావవివేకుడు కొండలో ప్రవేశించి నిరీక్షించుచున్నాడను కథనుగూడ వ్రాసికొనెను. నాగార్జునుడు దాక్షిణాత్యుడని చీనాసంప్రదాయము. శ్రీపర్వతముతో ఆయన పేరు ముడివడియున్నది. ఆ శ్రీపర్వతమున, అనగా నాగార్జునకొండలో, 3వ శతాబ్దమునాటి ఉపాసిక బోధిశ్రీ వేయించిన శాసనము సింహళపు థేరవాదాచార్యులను పేర్కొని, వారు కాశ్మీరము, గాంధారము, చీనము మొదలగు దేశములను ప్రసన్నము గావించిరని చెప్పుచున్నది. ఆ లోయను 1926లో గుర్తించిరి. 1954 మొదలు 1960 వరకు త్వరత్వరగ త్రవ్విరి. పిమ్మట కృష్ణాజలములు దానిని కప్పివేసినవి. పొలములకు నీరు కావలసియుండెను. ఆ నీటితో పండిన బియ్యము మనము తినుచున్నాము. కావున ఇందు నిష్ఠురములాడుట కేవల మలంకారమగును.

ఇక గ్రంథముల సంగతి. భావవివేకుని కరతలరత్నమను చిన్న గ్రంథమొకటి కలదు. దాని సంస్కృతమూలము నశించినది. ధాన్యకటకమున ఆయన కథ విన్న హ్యూన్‌త్సాంగే స్వదేశమునకు బోయి దానిని చీనాభాషలోనికి మార్చియుండుటచే అది బ్రతికినది. 1949లో విశ్వభారతిలో అయ్యస్వామిశాస్త్రిగారు చీనానుండి దానిని మరల సంస్కృతము గావించి ప్రకటించిరి. కృష్ణాతీరమున కాపురమున్న ఆచార్యుని మాట, చీనాలో పదమూడు వందల సంవత్సరములు తలదాచుకొని, వంగదేశముమీదుగ మనయింటికి వచ్చినది! వచ్చినదని ఆంధ్రులలో ఎందరికి తెలియును?

ఇది యొక్క గ్రంథము కథ కాదు. శాతవాహనరాజునకు నాగార్జునుడు వ్రాసిన సుహృల్లేఖను హిందూదేశపు బాలురు కంఠస్థము చేయుదురని ఇత్సింగు వ్రాసెను. ఆ లేఖకు నేడు సంస్కృతమూలము లేదు. చీనా, టిబెట్టు అనువాదములు కలవు. నాగార్జునుని మధ్యమకకారికలు చంద్రకీర్తి ప్రసన్నపదావ్యాఖ్యతోగూడ నేపాళమున నిలిచినవి. వానిని సంస్కరించి 1903 మొదలు 1913 వరకు సెయింట్ పీటర్సుబర్గులో అచ్చువేయించినవాడు బెల్జియమువాడైన లా వల్లే పూసిన్. ధర్మకీర్తి న్యాయబిందువు దాని టీకతోగూడ ఖంభాతులోని జైనాలయ భండారమున దొరకి 1889లో అచ్చయినది. పరమతగ్రంథమును బీరువాలో భద్రపరచిన జైనులకు మన నైయాయికులును బౌద్ధులును సమానముగ ఋణపడియున్నారు. దిఙ్నాగుని ప్రమాణసముచ్చయమునకు రెండు టిబెట్టు అనువాదములే గతియై యుండగా, మైసూరు విశ్వవిద్యాలయమున రంగస్వామి అయ్యంగారు 1930లో ప్రథమపరిచ్ఛేదమును సంస్కృతమునకు మరల్చిరి. దాని మీది జినేంద్రబుద్ధి టీకకు సంస్కృతమూలము టిబెట్టున నిలిచియుండి, 2005 మొదలు భాగములుగ వెలువడుచున్నది. ఆస్ట్రియా, చీనా పండితుల సహకారముచే అది సాధ్యమైనది.

రాహుల సాంకృత్యాయనుని పేరు ఇచట వేరుగ చెప్పవలయును. పట్టములేని పండితుడు, చెరసాలలు చూచిన దేశభక్తుడు. 1929 మొదలు 1938 వరకు నాలుగుమారులు టిబెట్టునకు బోయెను. శాక్య, ఙోర్, షాలు మఠములలో దుమ్ము పట్టియున్న తాళపత్రములను విప్పి, కొన్నిటి ఛాయాచిత్రములు తీసి, కొన్నిటిని చేతితో వ్రాసికొని వచ్చెను. ప్రమాణవార్తికమును, దాని వ్యాఖ్యలును, భావవివేకుని మధ్యమకహృదయమును మరల మనకు దక్కినవి. ఆయన తెచ్చిన సంపద పాట్నాలో చేరినది. ఆయన పాండిత్యమును ముందుగ గుర్తించి పిలిచినది మన విశ్వవిద్యాలయము కాదు, లెనిన్‌గ్రాడు. అచట షెర్బాట్‌స్కీ యను మహాపండితుడు 1930, 1932 సంవత్సరములలో బౌద్ధతర్కముపై రెండు సంపుటములు వెలువరించియుండెను. మన కళాశాలల విద్యార్థులు ధర్మకీర్తి పేరును ఆ సంపుటములనుండి నేర్చికొనిరి.

మన విశ్వవిద్యాలయములలో ఈ చదువు మొదలైన తీరును గుర్తుంచుకొనదగినదే. 1901లో సతీశచంద్ర విద్యాభూషణులు కలకత్తాలో పాళీ యెం.ఏ. పరీక్షకు కూర్చుండిరి, ఆ భాషలో ఆ పరీక్షకు ఆయనయే మొదటివాడు. పరీక్షించుటకు దేశమున తగినవాడు లేడని, పత్రములను లండనులోని రీస్ డేవిడ్సునకు పంపిరి! బుద్ధుడు నడచిన నేలమీద బుద్ధవచనమున పరీక్ష పెట్టుటకు ఆంగ్లేయుడు కావలసివచ్చెను. రీస్ డేవిడ్సు సమర్థుడే. సమర్థుని తప్పుపట్టుట కాదు. ఆరేండ్లు తిరుగకముందే 1907లో అశుతోష ముఖర్జీ గారి దక్షతచే కలకత్తాలో పాళీశాఖ నెలకొన్నది. గోవానుండి కాలినడకన విద్య వెదకుచు బయలుదేరి సింహళమున పాళీ నేర్చిన ధర్మానంద కోసంబి అచట బోధించెను. పిదప పూనా ఫెర్గుసన్ కళాశాలలో బోధించెను. హార్వర్డునకు బోయి విశుద్ధిమార్గ సంస్కరణమున పనిచేసెను. గాంధీమహాత్ముడు స్థాపించిన గుజరాతు విద్యాపీఠమున చేరెను. 1930లో ఉప్పుసత్యాగ్రహమున చెరకు బోయెను. 1942 తరువాత అహమ్మదునగరు కోటలో బంధింపబడిన ఆచార్య నరేంద్రదేవుడు అభిధర్మకోశమును ఫ్రెంచినుండి హిందీలోనికి మార్చుచు దినములు గడపెను. ఈ తరమువారికి బౌద్ధదర్శనము జీతమునకు చెప్పిన పాఠము కాదు. అట్లని పాఠము పలుచగను లేదు.

స్వరాజ్యానంతరము సంస్థలు పెరిగినవి. 1951లో నవనాలందా మహావిహారము, 1957లో ఢిల్లీ విశ్వవిద్యాలయమున బౌద్ధాధ్యయనశాఖ, 1967లో సారనాథమున టిబెట్టు ఉన్నతవిద్యాసంస్థ, 2014లో రాజగృహమున క్రొత్త నాలందా విశ్వవిద్యాలయ తరగతులు. 1976లో గుంటూరుజిల్లాలో వెలసిన విశ్వవిద్యాలయమునకు నాగార్జునుని పేరు పెట్టి, మహాయానబౌద్ధాధ్యయన కేంద్రమునుగూడ నందేర్పరచిరి. వీనిలో సారనాథసంస్థ చేయుచున్న పని ప్రత్యేకము: టిబెట్టు మఠములలో వాదపద్ధతిని చదివినవారును, విశ్వవిద్యాలయమున సంస్కృతము చదివినవారును ఒక్కచోట కూర్చుండి, నష్టమైన గ్రంథములను టిబెట్టు భాషనుండి సంస్కృతమునకు మరల్చుచున్నారు. ఇంకొక మార్పు వేరొక దిక్కునుండి వచ్చినది. 1956 అక్టోబరు 14న నాగపురమున డాక్టరు అంబేద్కరు లక్షలమందితో ధమ్మదీక్ష గైకొనిన పిమ్మట, ఈ శాస్త్రము నభ్యసింప వచ్చు విద్యార్థులలో దానిని తన స్వధర్మముగ నెంచువాడు చేరినాడు. వాని చేతిలో ఈ దర్శనము పూర్వపక్షము కాదు, వాని సిద్ధాంతము. పండితుని పాతఖండనమును వల్లెవేసి వానిని త్రోసిపుచ్చుట ఇక సాగదు. ఇది మన తరగతిగదులకు మేలే చేసినది.

ఇంతకు ఈ విద్యార్థి చదువునదేమి? మనలో చదువుకొన్నవారుగూడ శూన్యవాదమనగా ఏమియు లేదను వాదమని నమ్మియున్నారు. నాగార్జునుడు చెప్పినది వేరు. ఎడ్లబండిని చూడుడు. ఇరుసు బండి కాదు, చక్రము బండి కాదు, నొగ కాదు, కాడి కాదు. ఇవి పోగుపడియుండినను బండి కాదు. వీనిని విడిచి వేరుగ బండియను వస్తువును చూపనుగూడ వలను పడదు. అయినను బండి ధాన్యమును మోయుచున్నది. ఈ రథోపమానము నాగసేనభిక్షువు మిళిందరాజునకు చెప్పినదే. నాగార్జునుడు ఇరుసునుగూడ విడువలేదు. అదియు కొయ్య, ఇనుము, వడ్రంగి, కమ్మరి అను హేతుప్రత్యయముల నానుకొనియున్నదే. ఏ వస్తువునకును తనంత తాను నిలుచు స్వభావము లేదు, ఆ లేమికి శూన్యతయని పేరు, అదియే ప్రతీత్యసముత్పాదము. బండి లేదని కాదు. బండితనము బండిలో దాగియుండలేదని. స్వభావమే స్థిరమైనచో బండి చేయుటయు, విరుగుటయు, బాగుచేయుటయు పొసగవని ఆయన వాదము. లోకవ్యవహారమును చెరుపక సంవృతిసత్యమని నిలిపి, పరమార్థసత్యమును వేరుగ విమర్శించెను. ఒప్పుకొనుట, మానుట తరువాతి మాట. ఏమియు లేదన్నాడని చెప్పి ఖండించుట మాత్రము ఆయనను ఖండించుట కాదు.

దిఙ్నాగుని అపోహవాదము వినుటకు వింతగ నుండును: గోశబ్దము గోత్వమను జాతిని చెప్పదు, గోవు కానివానినుండి వేరుపరచుట మాత్రమే చేయునని. మన దస్తావేజులు చదివినవాని కిది అంత వింత కారాదు. పొలమును వర్ణింపుమన్న లేఖకుడు పొలమునుగూర్చి ఏమి వ్రాయును? తూర్పున ఫలానివారి చేను, దక్షిణమున కాలువ, పడమట పుంత, ఉత్తరమున చెరువుగట్టు. నాలుగు ప్రక్కల నేది పొలము కాదో చెప్పి పొలమును నిలిపినాడు. ఈ పోలిక దిఙ్నాగుని వాదమును పూర్తిగ మోయజాలదు. నైయాయికుడు వెంటనే లేచి, గోవు తెలియనివానికి గోవు కానిదెట్లు తెలియునని యడుగును. కుమారిలు డడిగినది అదియే. ధర్మకీర్తి చెప్పిన జవాబును చదువుట కొక సంవత్సరము పట్టును. ఆ సంవత్సరమే విద్య.

దాని కెదురుగ నేటి పాఠ్యప్రణాళికలను జూచిన నిట్టూర్పు విడువవలసివచ్చుచున్నది. అధ్యాపకులగుటకు జరుగు జాతీయార్హతాపరీక్షలో బౌద్ధ, జైన, గాంధేయ, శాంతి అధ్యయనము లన్నిటిని ఒక్క విషయముగ మూటగట్టినారు. గాంధీగారు, మహావీరుడు, దిఙ్నాగుడు ఒక్క ప్రశ్నపత్రమున! మంచివారందరును ఒక్కటేయను భావము గృహస్థునకు శోభించును, పరీక్షాధికారికి కాదు. పాళీభాషను 2013లో సివిలు సర్వీసు పరీక్షల ఐచ్ఛికవిషయములనుండి తొలగించిరి. 2024 అక్టోబరులో దానికి ప్రాచీనభాషాగౌరవ మిచ్చిరి. కిరీటము పెట్టుటకుముందు అన్నము తీసివేసిరన్నమాట. మనప్రాంతమున శిలకు దక్కిన ఆదరము పుస్తకమునకు దక్కలేదు. అమరావతిలో 125 అడుగుల బుద్ధవిగ్రహము నిలిపినారు. నాగార్జునసాగరమున 2022లో బుద్ధవనమును తెరచినారు. యాత్రికులకు అవి కావలసినవే. యాత్రికుడు ఫోటో తీసికొని పోవును; నాగార్జునుని కారిక నర్థము చేసికొనగోరువాడు తెలుగుబిడ్డయైనను సంస్కృతమునకు ఒకచోటికి, టిబెట్టు భాషకు వేరొకచోటికి, చీనాభాషకు ఇంకొకచోటికి పోవలసియున్నది.

విశ్వవిద్యాలయమున ధర్మము వచ్చునా, అది ధ్యానము చేసినవానికి గదా యని ఆక్షేపించువారు కలరు. నిర్వాణము పట్టాతో రాదు, నిజము. కాని వేదాంతము కళాశాలలో చెప్పుటకు అభ్యంతరము చెప్పనివారు బౌద్ధముకడనే ఈ సందేహమును తలచుకొనుట వింత. దిఙ్నాగుడు ప్రత్యక్షము, అనుమానము అను రెండు ప్రమాణములే అంగీకరించి, ఆగమమునుగూడ అనుమానమునందే చేర్చిన ఆచార్యుడు. ఆయనను విమర్శకు పెట్టుట ఆయనకు అపచారము కాదు.

చేయదగినది పెద్దపని గాదు. సంస్కృతమున కొంత వ్యాకరణము, తర్కసంగ్రహము వచ్చిన యువకునకు న్యాయబిందువును ధర్మోత్తరటీకతో ఒక సంవత్సరము చెప్పవచ్చును. అది చిన్నగ్రంథము, అచ్చులో నున్నది, తర్కసంగ్రహము చదివినవానికి అందునది. మధ్యమకకారికలను ప్రసన్నపదతో రెండేండ్లు. అదే కాలమున టిబెట్టు భాష. సంస్కృతము నెఱిగినవానికి ఆ అనువాదముల క్రమము త్వరగ పట్టువడును, ఏలయన టిబెట్టు అనువాదకులు సంస్కృతపదమునకు పదమును ఏర్పరచికొని వ్రాసిరి. అయిదేండ్లకు ఒక్కడు తయారగును. సంవత్సరమునకు ఇద్దరిని చేర్చుకొని, వారికి భోజనము, వసతి, పుస్తకములు కల్పించుటకు నాలందాకు వలె నూరు గ్రామము లక్కరలేదు. గుంటూరు, కృష్ణామండలములలో కల్యాణమంటపములు కట్టించుచున్న దాతలలో నలుగురు చాలుదురు. మొదట తెలుగుచేయవలసిన గ్రంథము కరతలరత్నము. అది కొద్దిపుటలది, సంస్కృతముగ తిరిగివచ్చినది, ధాన్యకటకమువానిది.